తొడిమల పరీక్ష

ముందుగా ఒట్టు. తూర్పుముఖంగా నిలబడి, చెప్పులు విడిచి, నోట్లో వక్కపలుకైనా లేకుండా చెబుతున్నాను: ఈ కింద రాయబోయేదంతా అక్షరాలా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈపాటికే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి. పత్తి తీసే రోజుల్లో పెద్దగాలి లేచి, మా గేదె ఒంటినిండా దూది అంటుకుంటే, దాన్ని గొర్రె అనుకుని దారినపోయే బేరగాడు ధర అడిగాడని ప్రత్తిపాడు టీకొట్లో చెప్పినవాణ్ణి నేనే. అది అబద్ధం. ఆ గాలి అంత పెద్దది కాదు. ఇది వేరు. ఇందులోనూ గేదెలు వస్తాయి గానీ, ఆ గేదెల అబద్ధాలు నావి కావు.

మొన్న సాయంత్రం గుంటూరు నుంచి బండి మీద వస్తుంటే హైవే మీద పోలీసులు ఆపారు. ఓ కుర్ర కానిస్టేబులు నా మూతి ముందు గొట్టం పెట్టి, "ఊదండి" అన్నాడు. ఊదాను. మిషను కిక్కురుమనలేదు.

"ఇంతేనా? మిరపకాయలు ఇవ్వరా?" అన్నాను. అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

అతను మిషను వంక ఓసారి, నా వంక ఓసారి చూసి, "సార్, ఇంకోసారి ఊదండి" అన్నాడు.

రెండోసారి ఊదుతుంటే మేస్త్రమ్మ కళ్ళముందు నిలబడింది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చి, లేవలేదు. ఇప్పుడు ఆ గొట్టం చూస్తే ఏమనేదో నాకు తెలుసు. "తారురోడ్డు మీద ఊదిస్తే ఏం లాభం అబ్బాయ్? తాగినోళ్ళంతా కాలవ కట్ట మీద పోతుంటే!"

ఆవిడకి పేరుండే ఉంటుంది, రేషన్ కార్డులోనో ఓటరు కార్డులోనో. మాకెవరికీ దానితో పని పడలేదు. మిరపకోతకి ఆడవాళ్ళని ముఠాగా కూర్చి, పొద్దున్నే ఆటో ఎక్కించి చేలకి తెచ్చి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకి చేర్చే మనిషి, కాబట్టి మేస్త్రమ్మ. సన్నగా, పొడుగ్గా ఉండేది. చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా, తలకి తువ్వాలు. ఆ చొక్కా జేబు మీద వరసగా పిన్నీసులు, మిలిటరీ ఆఫీసరు పతకాల్లాగా. ఎవరి రవిక చిరిగినా, ఎవరి చెప్పు తెగినా అందులోంచి ఒకటి తీసిచ్చేది. తాతల నాడు వాళ్ళింట్లో దూది ఏకేవాళ్ళట. "మేం దూదేకులోళ్ళం అబ్బాయ్. ఉండ కనపడితే చిక్కు తియ్యకుండా వదలం" అనేది. వదిలేది కాదు కూడా. రంజాను నెలలో గుక్కెడు నీళ్ళు ముట్టకుండా ఎండలో కాయ కోసేది. అప్పుడు మాత్రం కాస్త మాటలు తగ్గించేది, మాకు ఊపిరాడేది.

ఎడమకాలు ఈడ్చి నడిచేది. ఏమైందని అడిగితే రోజుకొక కథ. ఓసారి మంచంకోడు మీద పడిందనేది, ఓసారి చిన్నప్పుడు చింతకాయలకి చెట్టెక్కాననేది. ఆ రంగంలో నాకూ కాస్త అనుభవం ఉంది గనక, నేనొకరోజు గుచ్చి గుచ్చి అడిగాను.

"గేదె కుమ్మింది" అంది.

"మీ ఇంట్లో గేదె ఎప్పుడుంది?"

"లేకపోతే ఏం? ఈ ఊళ్ళో కాళ్ళు విరిగినోళ్ళందరికీ గేదెలున్నయ్యా?"

ఇక్కడ ఒక్క నిమిషం నన్ను తిట్టుకోనివ్వండి. మా వైపు ఎవరికి ఏ దెబ్బ తగిలినా, కారణం గేదె. కాదంటే మెట్లు. రేకుల షెడ్డులో కాపరం చేసేవాళ్ళు కూడా మెట్ల మీద నుంచే పడతారు. ఆస్పత్రి చీటీలు చూసి ఊరు గీస్తే మా ఊళ్ళో అన్నీ మేడలే. బండి మీద నుంచి పడ్డవాడు కుక్క అడ్డమొచ్చిందంటాడు. ఆ కుక్కని చూసినవాడు లేడు. తలకి కుట్లు పడ్డవాడు దూలం తగిలిందంటాడు. ఇంట్లో దూలం ఉండదు. అందరికీ తెలుసు, కట్టు కట్టేవాడికీ తెలుసు, పక్కింటివాళ్ళకీ తెలుసు, సీసా పేరు మాత్రం ఒక్క నోటి నుంచీ రాదు. ఇన్నేళ్ళుగా అబద్ధాలు చెబుతున్న నాకే ఒళ్ళు మండుతుంది. అబద్ధమన్నాక కాస్త పనితనం ఉండాలా, వద్దా?

ఏటా మా మిరపచేను కోసే మేస్త్రమ్మ ముఠాలో రవణ అని ఓ పిల్ల ఉండేది. పిల్ల అంటే, పెళ్ళయి బడికి పోయే బిడ్డ ఉంది. ఆ ముఠా మొత్తంలో చురుకైన చెయ్యి ఆమెదే. రెండు చేతులతో రెండు చెట్లు ఒకేసారి కోసేది. కాయ ఆమె గోరు కోసమే ఎదురుచూస్తున్నట్టు ఊడొచ్చేది. నోరు కూడా చేతులంత వేగం. కానీ పొద్దు కాస్త వాలిందంటే చాలు, నోరు ఆగిపోయేది. "టైమెంతయింది బాబాయ్?" అని నన్ను అడగడం మొదలుపెట్టేది. మళ్ళీ కాసేపటికి "టైమెంతయింది?" మొగుడు ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉండాలి. లేకపోతే ఆమె మర్నాడు మణికట్టుకి గుడ్డ కట్టుకుని వచ్చేది. "ఏమైందే?" అంటే "మెట్లు" అనేది. వాళ్ళింటికి ఉన్నదల్లా ఒక గడప.

సరే, డ్రైవర్ల సంగతికొస్తాను. పొద్దున పూట బాధ లేదు. పొద్దున ఏ డ్రైవరయినా పువ్వులాగే ఉంటాడు. ఆడవాళ్ళు చేలోకి దిగాక వాడికి పనుండదు. వేపచెట్టు కింద ఆటో పెట్టుకుని ఫోన్ చూస్తాడు. ఫోన్లో చార్జింగ్ అయిపోతుంది. పక్కచేనికి ముఠాని తెచ్చిన డ్రైవరు వస్తాడు. వాడి ఫోన్లోనూ అయిపోయి ఉంటుంది. మందు సీసాలమ్మే బెల్టుషాపు ఉండనే ఉంది. మా వైపు మంచినీళ్ళ కుళాయి కన్నా అదే దగ్గర. పొద్దు వాలేసరికి, సీట్లు చాలక వెనక చెక్క వేసుకుని, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చునే ఆడవాళ్ళ ప్రాణాలన్నీ ఆ మనిషి చేతిలో ఉంటాయి.

మొదట్లో ఆవిడ నోటి వాసన చూసేది. ఆటో దగ్గరికి రాగానే, "నోరు తెరువురా." డ్రైవర్లు సోంపు నమిలేవాళ్ళు, పుదీనా నమిలేవాళ్ళు, పచ్చి ఉల్లిపాయ కొరికేవాళ్ళు. ఒకడు ఏకంగా కిరసనాయిలు పుక్కిలించి వచ్చాడు. ఆ సమయానికి ఎవరైనా బీడీ వెలిగించి ఉంటే మా చేను, పక్క చేను, దాని పక్కనున్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ అన్నీ లేచిపోయేవి. పైగా కోతల రోజుల్లో మా వాళ్ళ ముక్కులు పనిచెయ్యవు. ఘాటుకి మొద్దుబారిపోయి, ఉగాది దాటితే గానీ కాఫీకీ కషాయానికీ తేడా తెలియదు. మేస్త్రమ్మ కొన్నాళ్ళు పాట్లుపడి, చివరికి ముక్కుని వదిలేసి వేరే దారి పట్టింది. అదే తొడిమల పరీక్ష.

బయటివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. మిరప పండే ఊళ్ళో పుట్టినవాడు అరచేత్తో ముఖం తుడుచుకోడు. చెమట పడితే మోచేత్తో, కన్ను దురద పెడితే భుజంతో, ముక్కు కారితే చొక్కా చేతితో. మిరప లేని నెలల్లో కూడా అంతే. మా వాళ్ళ పెళ్ళిలో అప్పగింతలు చూడండి, అందరూ మోచేతులు పైకెత్తి ఏడుస్తుంటారు. దూరం నుంచి ఎవరినో పొడవబోతున్నట్టు ఉంటుంది. పాలు మానకముందే తల్లులు నేర్పే జాగ్రత్త అది. పుట్టినరోజు మరిచిపోతాం, అప్పు మరిచిపోతాం, అది మాత్రం మరవం. ఒంటిమీద తెలివి ఉన్నంతవరకు తాగనివాడెవడూ ఆ తప్పు చెయ్యడు.

పొద్దు వాలగానే మేస్త్రమ్మ కల్లంలోంచి గుప్పెడు ఎండుకాయలు తీసుకుని డ్రైవర్ దగ్గరికి పోయేది. "ఏరా అబ్బాయ్, ఖాళీగానే ఉన్నావుగా. ఇంటికి పట్టుకుపోవాల, ఈ కాయలకి తొడిమలు తీసిపెట్టు" అని చేతిలో పోసేది. తొడిమ తియ్యడం చూడ్డానికి తేలిక. వేలికొసతో చిటుక్కుమనిపిస్తే తొడిమ రావాలి. కాయ చిరగకూడదు, గింజ రాలకూడదు. తాగిన వేళ్ళకి కాయ ఎక్కడ అయిపోయిందో, తొడిమ ఎక్కడ మొదలైందో తెలియదు. గింజలన్నీ ఒళ్ళోకి రాలేవి. అయినా ఆవిడ తొందరపడేది కాదు. పక్కన గట్టు మీద కూలబడి, కాలు చాపుకుని, ఎంతో ప్రేమగా అడిగేది.

"మీ అమ్మ ఎట్టా ఉందిరా?"

తాగినవాడికి అమ్మని గుర్తుచేస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. "మా అమ్మా... పెద్దమ్మా... మా అమ్మ మనిషి కాదు పెద్దమ్మా, దేవత..." కళ్ళలో నీళ్ళు తిరిగేవి. చెయ్యి పైకి లేచేది. అరచెయ్యి.

ఆ కేక దర్శి దాకా వినిపించేది. ఒట్టు వేశాను గనక సర్దుకుంటున్నాను, దర్శి దాకా కాదు, మధ్యలో ఎక్కడో ఆగేది.

"దిగండమ్మా. వీడు ఫెయిలు" అని లేచేది మేస్త్రమ్మ.

తాగనివాడికీ అమ్మ ఉంటుంది, వాడూ ఏడుస్తాడు. ఒకతని తల్లి నిజంగానే అంతకుముందు వారమే పోయింది. ఆవిడకి తెలియక అడిగేసింది. వాడు గట్టు మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. చేతులు రెండూ దూరంగా చాపి పెట్టుకుని, భుజాలతో కళ్ళు ఒత్తుకున్నాడు. మేస్త్రమ్మ తన చొక్కా చేత్తో వాడి ముఖం తుడిచి, "పాసయ్యావు నాయనా. ఇయ్యాల నిదానంగా పోనియ్యి" అంది.

విచిత్రమేమిటంటే, పరీక్ష ఏమిటో డ్రైవర్లందరికీ తెలుసు, ప్రశ్న కూడా తెలుసు. అయినా తప్పేవాళ్ళు. "ఇయ్యాల చెయ్యి లేపితే చెప్పుతో కొట్టు" అని పందెం కాసి మరీ తప్పినవాళ్ళున్నారు.

ఇదంతా విని మీరు నవ్వుతున్నారు గానీ, ముఠాలో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఆటో లేకపోతే ఇంకో ఆటో వచ్చేదాకా పడిగాపులు. ఇంటి దగ్గర కుళాయి కట్టేస్తారు, పిల్లలు ఆకలికి ఏడుస్తారు. ఆడవాళ్ళే ఆవిడ మీద విరుచుకుపడేవాళ్ళు.

"కొంచెమే తాగాడు లేక్కా!"

"కొంచెమేలే. కాలవ కూడా కొంచెమే లోతుంటదా?"

"మంచి డ్రైవరక్కా. కళ్ళు మూసుకుని నడుపుతాడు."

"అదేగా నా బాధ."

"నీకెందుకక్కా, పడేది మేమేగా!"

"తాగినోడు పడితే దెబ్బ వాడికి తగలదే. మెత్తగా పడతాడు. పక్కనున్నోళ్ళకి తగులుద్ది." ఆ మాట అన్నప్పుడల్లా ఎడమకాలు సర్దుకుని కూర్చునేది. అది చూశాక నేను గేదె సంగతి మళ్ళీ అడగలేదు.

ఆవిడకి ఇంకో పిచ్చి ఉండేది. చేలగట్ల మీద తాగి విసిరేసిన సీసాలు పగిలి, కోతకొచ్చిన ఆడవాళ్ళ పాదాల్లో దిగేవి. ఆ గాజుముక్కలన్నీ ఏరి, గోనెసంచిలో పోసుకుని, కాలు ఈడ్చుకుంటూ పోయి బెల్టుషాపు గుమ్మంలో గుమ్మరించి వచ్చేది. "నీ సరుకేగా, వెనక్కి తీసుకో."

"ఖాళీ సీసాలైతే తీసుకుంటా మేస్త్రమ్మా, ముక్కలు నేనేం చేసుకోను?" అనేవాడు షాపతను, నిజంగానే అర్థం కాక.

"నా ఆడోళ్ళు కాళ్ళేం చేసుకోవాలో నువ్వు చెప్పు, ముక్కలేం చేసుకోవాలో నేను చెబుతా."

మర్నాడు ఆ ముక్కలు షాపు వెనకున్న డొంకలో ఉండేవి. ఆ డొంక దారిన నడిచేది మళ్ళీ ఈ ఆడవాళ్ళే. ఆవిడ మళ్ళీ ఏరేది. చూసి చూసి నాకే విసుగొచ్చి, "ఎందుకు మేస్త్రమ్మా, ఊళ్ళో వాడు తాగడం ఆపడు, నువ్వు ఏరడం ఆపవు" అన్నాను.

"నువ్వు సొల్లు చెప్పడం ఆపావా?" అంది.

ఇక అసలు రోజు. మా వైపు ఒక మర్యాద ఉంది. చేనికి ఆఖరికోత అయిపోయిన రోజు ఆసామి ముఠాకి కోడికూర భోజనం పెడతాడు, ఆటో డ్రైవర్ చేతిలో ఒక సీసా పెడతాడు. డ్రైవరు కాయ కొయ్యడు, మూట మొయ్యడు, గొడుగులాంటి వేపచెట్టు కింద పడుకుంటాడు. అయినా ఆఖరికోత సీసా వాడికే. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. ఇవ్వకపోతే మాత్రం, "ఆ ఆసామి చెయ్యి ముడుచుకున్నాడు" అని ఊరంతా చెప్పుకుంటారు. దగ్గర దగ్గర చేలన్నిటికీ ఆఖరికోతలు ఒకే వారంలో పడతాయి. అంటే ఆ వారం సాయంత్రాలు మా కాలవ కట్టల మీద తిరిగే ప్రతి ఆటోలో ఒక సీసా ఉంటుంది. అప్పటికే సగం ఖాళీ అయిన సీసా.

ఆ రోజు ఆఖరికోత మా పక్క చేనికి. డ్రైవరు శీను. మంచివాడు. పొద్దున పాటలు పెట్టుకుని, ముసలమ్మలకి చెయ్యిచ్చి ఎక్కించి తెచ్చాడు. సాయంత్రం వేపచెట్టు కింద నవ్వుతూ కూర్చున్నాడు. అంత నవ్వు అనవసరం అనిపించింది నాకు.

మేస్త్రమ్మ గుప్పెడు కాయలు పోసింది. మొదటి కాయే రెండు ముక్కలైంది. శీను ఆ ముక్కల్ని అతికించాలని చూశాడు.

"మీ అమ్మ ఎట్టా ఉందిరా శీనూ?"

"ఉంది పెద్దమ్మా. పొద్దున కూడా... నాకోసం... ఉప్మాలో జీడిపప్పు..." అంటూనే రెండు అరచేతులూ రెండు కళ్ళకీ ఒకేసారి పెట్టాడు.

వాడు చేలో గుండ్రంగా పరిగెత్తుతుంటే అప్పటికే ఆటోలో సర్దుకు కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. మేస్త్రమ్మ వచ్చి "దిగండి" అనేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"అక్కా, ఆఖరిరోజక్కా! ఈ ఒక్కరోజూ!"

"ఆఖరిరోజనే చెబుతున్నా. దిగండి."

పక్కచేను ఆసామి వచ్చాడు. ఆయన కూడా సీసా మర్యాద ముందు తనకి తాను చేసుకున్నట్టున్నాడు. "ఏందమ్మా నీ గోల! వాడు కాకపోతే నేను నడుపుతా" అని ఆటో వెనకవైపు నుంచి ఎక్కబోయాడు.

నేను ఫోన్ తీశాను. తెలిసిన ఆటోవాళ్ళందరికీ చేశాను. మొదటివాడు, "అన్నా! నువ్వు నా ప్రాణం అన్నా" అన్నాడు. రెండోవాడు ఎత్తి, ఏమీ అనకుండా పాట పాడాడు. మూడోవాడు, "వస్తున్నానన్నా, ఎక్కడున్నాను చెప్పు?" అని నన్నే అడిగాడు. ట్రాక్టర్ ఉన్న మా బావమరిదికి చేస్తే వాళ్ళావిడ ఎత్తి, "ఆయన కల్లంలో పడుకున్నారన్నయ్యా, ఎవరి కల్లమో తెలియడంలా" అంది. చుట్టుపక్కల చక్రాలున్న ప్రతిదాని ముందూ ఒక సీసా పడి ఉంది ఆ సాయంత్రం. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఫోన్లోంచి మిరపకాయలు ఎలా అందించను?

రవణ ఆటో చివరి చెక్క మీద కూర్చుని ఉంది. "టైమెంతయింది బాబాయ్?" అంది. ఆకాశం చూస్తే ఆమెకే తెలుస్తోంది.

"దిగవే రవణా" అంది మేస్త్రమ్మ.

"లేటయిద్దక్కా."

"నేనొస్తా మీ ఇంటికి. నేను చెబుతా మీ ఆయనకి."

అందరూ దిగారు. తిట్టుకుంటూ, క్యారేజీలు గణగణలాడించుకుంటూ దిగారు. కాలవ కట్ట వెంట నడక. ముందు కాలు ఈడుస్తూ మేస్త్రమ్మ, వెనక వరసగా వీళ్ళు, చివర బండి నెట్టుకుంటూ నేను. సగం దూరం పోయాక తిట్లు అయిపోయి ఎవరో పాట అందుకున్నారు. రవణ గొంతు అందరికన్నా పైన వినపడింది.

ఊరు చేరేసరికి రవణ మొగుడు గడపలో కాచుకుని ఉన్నాడు, తూలుతూ. "ఇప్పుడా రావడం?" అని లేచాడు. మేస్త్రమ్మ కొంగుముడి విప్పి, వాడి చేతిలో కాయలు పోసింది. "తిడుదువుగాని అబ్బాయ్. ముందు ఈ తొడిమలు తియ్యి. అవునూ, మీ అమ్మ ఎట్టా ఉంది?" వాడి అమ్మ పక్కింట్లోనే ఉంది, గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వాడు అమ్మని చూశాడు. చేతులు లేచాయి. ఆ తర్వాత వాడు వాకిట్లో దొర్లుతుంటే, ఆ ముసలావిడ మజ్జిగ ముంత పట్టుకొచ్చి, పొయ్యకుండా అలాగే పట్టుకుని, "ఇంకో నాలుగు కాయలుంటే ఇవ్వు మేస్త్రమ్మా" అంది. ముఠా అంతా ఘొల్లుమంది. ఆ రోజు నుంచి వాడు రవణ మీద చెయ్యి ఎత్తలేదు. ఆ వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాలకి ఎండుమిరప దండలు కట్టుకున్నారు. సాయంత్రమైతే మగవాళ్ళు వాటిని చూసి, తల వంచుకుని లోపలికి పోయేవాళ్ళు.

టీకొట్లో ఈ కథ ఎప్పుడు చెప్పినా ఇక్కడే ఆపుతాను. జనం తొడలు చరుచుకుని నవ్వుతారు. ఇక్కడే ఆపాలని నాకూ ఉంది. కానీ చెప్పులు విడిచి ఒట్టు వేశాను, ఆ కాస్త మర్యాదైనా నిలుపుకోవాలి.

శీను ఏడుపు నిజం. ఆసామి ఆటో వెనక నుంచి ఎక్కబోవడం నిజం. ఫోన్లు నిజం, పాట పాడినవాడు కూడా నిజం. మేం కాలవ కట్ట మీద నడిచింది నిజం. రవణ దిగిందన్నది నేను కల్పించాను.

దిగలేదు. మిగతా అందరూ దిగాక కూడా ఆ చెక్కని పట్టుకునే కూర్చుంది. మేస్త్రమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. "నువ్వు ఈణ్ణి ఆపగలవక్కా. ఇంట్లో ఉన్నోణ్ణి ఎవరు ఆపుతారు?" అంది రవణ. మేస్త్రమ్మ ఆమె చెయ్యి వదిలేసింది. ఇంతలో శీను కళ్ళు కడుక్కుని వచ్చి, నవ్వుతూ బండి తీశాడు. మేం దాని వెనకే నడిచాం. ఎవరూ పాడలేదు. కాలవ మలుపు దగ్గర ఆటో పక్కకి పడి ఉంది. శీను రేగడి మట్టిలో మెత్తగా పడ్డాడు, ఒంటి మీద గీత కూడా లేదు. రవణ కుడిచెయ్యి బండి కింద ఉంది.

మర్నాడు పొద్దున ఆస్పత్రికి పోయాను. ఆ చేతికి ఇక వేళ్ళు ఉండవని చెప్పారు. రవణ మొగుడు తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఎంతో వినయంగా నర్సు ముందు నిలబడి ఉన్నాడు. ఎలా జరిగిందని ఆమె అడుగుతోంది. శీను వాళ్ళవాళ్ళు, పక్కచేను ఆసామి, అందరూ అతని వంకే చూస్తున్నారు.

"మెట్ల మీద నుంచి పడిందండి" అన్నాడు.

నర్సు మంచం వైపు తిరిగింది. "అవునండి. మెట్లు" అంది రవణ.

మేస్త్రమ్మ వరండాలో నేలమీద కూర్చుని ఉంది. శీను వదిలేసిన కాయల్ని కొంగున కట్టుకొచ్చినట్టుంది, వాటికి తొడిమలు తీస్తోంది. ఒక్కటీ చిరగడం లేదు. నన్ను చూసి, "మెట్లంట" అంది. అబద్ధాలతో పొట్ట నింపుకునేవాణ్ణి, అప్పుడైనా ఏదో ఒకటి కల్పించి చెప్పి ఉండాల్సింది.

ఆవిడ చేతిలో కాయ పక్కన పెట్టి, రెండు అరచేతులూ ఎత్తి, కళ్ళు తుడుచుకుంది. గట్టిగా, చిన్నపిల్లలు తుడుచుకున్నట్టు. తాగనివాడెవడూ ఆ తప్పు చెయ్యడని పైన రాశాను. అది కూడా కల్పనలో కలిపేసుకోండి.

"మజ్జిగ తెస్తానుండు మేస్త్రమ్మా, మండుద్ది" అన్నాను.

"ఏం మండుద్ది?" అంది.